కార్డులు పోగయ్యాయి, పని కాలేదు

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మావారిది హెచ్1బీ ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్4. దాని మీద పని చేసుకునే అనుమతి కార్డు, అంటే ఈఏడీ, వచ్చే ఏడాది అక్టోబరు దాకా ఉంది. రెండేళ్లుగా ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి, సున్నుండలు చేసి వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతున్నాను. నెలకు 3,000 డాలర్ల దాకా అమ్మకం. మన కిరాణా స్టోర్లకు వేయాలని ఉంది. అందుకు 25,000 డాలర్లు కావాలని లెక్క వేసుకున్నాం. బ్యాంకు ఇవ్వలేనంది. మైనారిటీ సర్టిఫికెట్ ఉంటే గ్రాంట్లు వస్తాయనీ, 1,500 డాలర్లిస్తే ఇప్పిస్తాననీ ఒకాయన అంటున్నాడు. స్నేహితులు చీటీ వేద్దాం, మొదటి పాట నువ్వే ఎత్తుకో అంటున్నారు. తెలుగు సంఘం సభలకూ వ్యాపారుల ఛాంబర్ మీటింగులకూ వెళ్లాను. కార్డులు పోగయ్యాయి, పని మాత్రం కాలేదు. జూన్‌లో మా అత్తగారు వస్తున్నారు, ఆవకాయకు ఆవిడ చెయ్యి తోడైతే ఈ ఏడాదే పెద్ద ఎత్తున మొదలుపెట్టాలని ఉంది. నేను ఎవరిని కలవాలి?

జవాబు: ముందు అత్తగారి సంగతి చెప్పాలి, ఎందుకంటే మిగతావన్నీ నెమ్మదిగా చేసుకోవచ్చు, ఇది మాత్రం జూన్‌లోపే తేలాలి. ఆవిడ సందర్శకుల వీసా మీద వస్తుంటే అమ్మకానికి పెట్టే పచ్చడిలో చెయ్యి పెట్టకూడదు. డబ్బు ఇవ్వకపోయినా, ఇంట్లో మనిషే అయినా, అది అనుమతి లేని పని కిందికి వస్తుంది. ఇంట్లోకి కావలసిన వంట చేసుకోవచ్చు, మీరు తినే జాడీ కలపొచ్చు. ఆర్డర్ల కోసం కాయ కొట్టడం, సీసాల్లో నింపడం, లేబుల్ అంటించడం వద్దు. "మా అత్తగారి చేతి ఆవకాయ" అని ఆవిడ కలుపుతున్న వీడియో మీ వ్యాపారం పేజీలో పెట్టడం మరీ ప్రమాదం, సాక్ష్యం మీరే ఇచ్చినట్టవుతుంది. కొలతలూ పాళ్లూ మాత్రం ఆవిడ ఊళ్లో ఉన్నప్పుడే వీడియో కాల్‌లో గ్రాముల్లో రాసుకోండి. చేతి కొలత స్టోరుకు పనికిరాదు కాబట్టి ఎలాగూ ఆ పని తప్పదు.

మీవారి విషయంలో కూడా గీత స్పష్టంగా ఉండాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు పెట్టుబడి పెట్టొచ్చు, వాటా ఉంచుకోవచ్చు. పని మాత్రం తమకు వీసా తీసుకున్న కంపెనీకే చేయాలి. సాయంత్రం డెలివరీలు, శనివారం లెక్కలు, వెబ్‌సైట్ మరమ్మతు ఇవన్నీ పనే. చాలా ఇళ్లలో జరిగేది ఇదే: కంపెనీ భార్య పేరు మీద, పని సగం భర్తది. గ్రీన్‌కార్డు దశలో ఇది బయటపడితే సర్దుకోవడం కష్టం. కంపెనీని ఎల్ఎల్‌సీగా, అంటే పరిమిత బాధ్యత కంపెనీగా, మొత్తం మీ పేరు మీదే పెట్టండి, సంతకాలూ ఈమెయిళ్లూ మీవే ఉండాలి. టెక్సస్‌లో ఎల్ఎల్‌సీ నమోదుకు సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు 300 డాలర్లు కడితే సరిపోతుంది. పన్ను గుర్తింపు సంఖ్య ఈఐఎన్‌ను పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఉచితంగా ఇస్తుంది, దానికి డబ్బడిగే వెబ్‌సైట్లన్నీ దళారులవే.

ఇక మీ ఈఏడీ. గడువు తీరడానికి 180 రోజుల ముందు నుంచీ పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీకు అక్టోబరు అంటే ఏప్రిల్‌లోనే. ఇదివరకు దరఖాస్తు పెట్టి ఉంటే పాత ఈఏడీ 540 రోజుల దాకా దానంతటదే పొడిగింపు అయ్యేది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే పునరుద్ధరణలకు ఆ వెసులుబాటు తీసేశారు. కొత్త కార్డు రాకుండా పాతది ముగిసిందా, ఆ రోజు నుంచి మీరు పని ఆపాలి. యజమానిగా ఉండొచ్చు, గరిటె పట్టకూడదు. అందుకే స్టోర్లతో మాట్లాడే ముందే, పనిచేసే అనుమతి ఉన్న ఒక మనిషిని వారానికి 8, 10 గంటలకైనా పెట్టుకుని మీ పద్ధతి నేర్పి ఉంచండి. వంటగది అద్దె ఒప్పందం నెలనెలా ఉండేలా చూసుకోండి, ఏడాది ఒప్పందం వద్దు. ఈ మూడు విషయాలనూ ఒక ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర గంట కూర్చుని ఖాయం చేసుకోండి. మీరు కలవాల్సిన మొదటి మనిషి ఆ లాయరే. గ్రూపులో "నాకు తెలిసినాయన అలాగే చేశాడు, ఏం కాలేదు" అన్న మాట మీద ఇల్లు కట్టకండి.

సర్టిఫికెట్ విషయానికొస్తే, ఆ 1,500 డాలర్లు ఇవ్వకండి. కారణాలు వివరంగా చెబుతాను, ఇదే సలహా మీకు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఫెడరల్ కాంట్రాక్టుల కోసం ఉన్న 8ఏ పథకానికీ, మహిళా వ్యాపారాల పథకానికీ అమెరికా పౌరసత్వం ఉండాలి. ప్రైవేటు కంపెనీలు గుర్తించే మహిళా వ్యాపార ధ్రువీకరణ డబ్ల్యూబెంక్‌కు పౌరులు గానీ గ్రీన్‌కార్డు ఉన్నవారు గానీ కనీసం 51 శాతం యజమానులై ఉండాలి. హెచ్4 మీద ఇవేవీ రావు. పాతవాళ్లు చెప్పే, రాష్ట్ర ప్రభుత్వ కొనుగోళ్ల కోసం ఉన్న టెక్సస్ హబ్ సర్టిఫికెట్ ఇప్పుడు మీకు లేనట్టే. 2025 చివర్లో రాష్ట్రం ఆ పథకంలోంచి మహిళలనూ మైనారిటీలనూ తీసేసి, సైనిక సేవలో వైకల్యం పొందిన మాజీ సైనికులకు పరిమితం చేసింది. 8ఏలో కూడా ఫలానా జాతివారంటే చాలు, వెనుకబడినట్టే అని అనుకునే పద్ధతిని 2023లో టెనెసీ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. 1969 నుంచి ఉన్న మైనారిటీ వ్యాపార అభివృద్ధి సంస్థను వీలైనంత కుదించాలని 2025 మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. అంటే అయిదేళ్ల కిందటి వ్యాసాల్లోనూ వీడియోల్లోనూ చెప్పిన దారులు చాలావరకు మూసుకుపోయాయి. ఇది అన్యాయమని బాధపడేవాళ్ల బాధ నిజమే. మీ చేతిలో ఉన్న పనికి మాత్రం దీనివల్ల పెద్దగా నష్టం లేదు. ఈ కాగితాలు ప్రభుత్వానికీ పెద్ద కంపెనీలకూ సరుకు వేసేవారికి తలుపు తీస్తాయి, అంతే. కందిపొడి కొనే స్టోరువాడు సర్టిఫికెట్ అడగడు, సీసా మీద గడువు తేదీ చూస్తాడు, ఇన్సూరెన్సు కాగితం అడుగుతాడు.

చిన్న వ్యాపారాల ఫెడరల్ సంస్థ ఎస్‌బీఏ హామీతో బ్యాంకులిచ్చే రుణాలకూ యజమానుల పౌరసత్వ నిబంధనలు 2025 నుంచి బాగా బిగించారు. హెచ్4 మీద ఆ దారి వదిలేయండి. బ్యాంకు మిమ్మల్ని కాదనడానికి కారణం మీ వ్యాపారం బాగాలేకపోవడమే కానక్కర్లేదు.

అసలు మీకు 25,000 ఇప్పుడే కావాలా? మీ లెక్కలో వంటగది, యంత్రాలు, ఏడాది సరుకు అన్నీ ఒకేసారి ఉన్నట్టున్నాయి. పచ్చళ్లనూ పొడులనూ విడదీసి చూడండి. టెక్సస్ కాటేజ్ ఫుడ్ చట్టాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి సడలించారు. ఇంట్లో చేసి అమ్ముకునే పరిమితి ఏడాదికి 50,000 నుంచి 1,50,000 డాలర్లకు పెరిగింది. మీ అమ్మకం ఏడాదికి 36,000, కాబట్టి చాలా చోటుంది. అంతకంటే ముఖ్యమైనది, ఫ్రిజ్ అక్కర్లేని పదార్థాలను ఇంట్లో చేసి రాష్ట్రంలోని దుకాణాల ద్వారా అమ్మించే వీలు కూడా ఇచ్చారు. అలా అమ్మే దుకాణం, ఇది తనిఖీ లేని ఇంట్లో తయారైందని తెలిపే బోర్డు పెట్టాలి. లేబుల్ మీదా ఆ వాక్యం ఉండాలి. కందిపొడి, కరివేపాకు పొడి, సున్నుండలు ఈ దారిలో వెళ్లగలవు. రాష్ట్ర ఆరోగ్యశాఖ డీఎస్‌హెచ్‌ఎస్ పేజీని ప్రింటు తీసి స్టోరు యజమాని ముందు పెట్టండి, చాలామందికి ఈ మార్పు తెలియదు. ఒక హెచ్చరిక: ఈ చట్టం టెక్సస్ సరిహద్దు దాకే. అట్లాంటాలో అక్కకూ, న్యూజెర్సీలో స్నేహితురాలి గ్రూపుకూ పార్సిళ్లు వేస్తుంటే అవి ఈ రక్షణలో లేవు.

ఆవకాయ కథ వేరు. ఇక్కడి నిబంధనల్లో పికిల్ అంటే వెనిగర్‌లోనో ఉప్పునీళ్లలోనో ఊరేసినది. మనది పుల్లటి కాయ, ఆవపిండి, కారం, ఉప్పు, పైన తేలే నూనె. నూనె గాలిని అడ్డుకుంటుంది. గాలి లేనిచోట, పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 4.6 కంటే ఎక్కువగా ఉంటే బోటులినం అనే ప్రాణాంతక విషాన్ని పుట్టించే క్రిమి పెరగగలదు. కాయ పులుపు చాలావరకు కాపాడుతుంది. కానీ వెల్లుల్లి రెబ్బ లోపలికి ఆ పులుపు చేరిందా, ఈ ఏడాది కాయ నిరుటి కాయంత పుల్లగా ఉందా అన్నది నాలుకతో తేల్చలేం. స్టోర్లలో, రాష్ట్రాలు దాటి అమ్మాలంటే ఈ పదార్థం ఏ కోవలోకి వస్తుందో, ఎలా చేస్తే భద్రమో రాతపూర్వకంగా చెప్పే నిపుణుణ్ని ప్రాసెస్ అథారిటీ అంటారు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఉంటారు. మీకు కారులో వెళ్లగలిగే దూరంలో స్టిల్‌వాటర్‌లోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ ఆహార కేంద్రం ఉంది. టెక్సస్ ఏ అండ్ ఎం విస్తరణ విభాగాన్నీ అడగండి. వాళ్లు ఆమ్లీకరించిన (పులుపు కలిపి భద్రపరిచిన) ఆహారమని తేలిస్తే ఫెడరల్ ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదు, ఒక కోర్సు, లైసెన్సున్న వంటగది తప్పవు. వెల్లుల్లి ఆవకాయ, గోంగూర నమూనాలు వేర్వేరుగా పంపండి. ఈ ఫలితం చేతికొచ్చాకే పచ్చళ్ల మీద డబ్బు పెట్టండి. మీరు కలవాల్సిన రెండో మనిషి ఈ నిపుణుడు. ఏ సంఘం సభలోనూ ఈయన కనబడడు.

మూడో మనిషి లెక్కల సలహాదారు. నార్త్ టెక్సస్ చిన్న వ్యాపార అభివృద్ధి కేంద్రాన్ని డాలస్ కాలేజీ నడుపుతోంది, దాన్ని ఎస్‌బీడీసీ అంటారు. కాలిన్ కాలేజీలోనూ ఒక కేంద్రముంది. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని ఇచ్చే సలహాకు ఫీజు లేదు. కంపెనీ పెట్టకముందే వెళ్లొచ్చు. 1964లో మొదలైన స్కోర్ అనే సలహా సంస్థలో రిటైరైన వ్యాపారులూ మేనేజర్లూ ఇలాగే ఉచితంగా సలహా ఇస్తారు. చాలామంది ఒకసారి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తారు. "లోను కావాలి" అని వెళితే అవతలివాళ్లు ఒక ఖాళీ ఫారం చేతికిచ్చి నింపి తెమ్మంటారు, అక్కడితో ఆగిపోతుంది. మీరు వెళ్లేటప్పుడు గత 12 నెలల అమ్మకం నెలవారీగా, ఒక్కో సీసాకు ఖర్చు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఈఏడీ తేదీలు రాసిన ఒక కాగితం పట్టుకెళ్లండి. అడగాల్సింది ఒక్కటే: "వచ్చే 12 నెలలకు నగదు రాకపోకల పట్టిక నాతో కూర్చుని వేయించండి." స్కోర్‌లో సలహాదారును ఎంచుకునేటప్పుడు ఆహార వ్యాపారంలో పనిచేసినవారిని అడగండి. మొదటాయన బ్యాంకింగ్ మనిషైతే మొహమాటపడకుండా మార్చమనండి, వాళ్లు నొచ్చుకోరు. మనవాళ్లు మర్యాద కోసం అదే మనిషి దగ్గర ఆరు నెలలు గడిపేస్తారు.

ఆ పట్టికలో ఏం తేలుతుందో ఒక లెక్కతో చూపిస్తాను. మీరు 227 గ్రాముల కందిపొడి సీసా గ్రూపులో 9 డాలర్లకు అమ్ముతున్నారనుకుందాం. పప్పు, మిరపకాయ, సీసా, లేబుల్, ఇన్సూరెన్సు, మీ పని గంటలూ కలిపి ఖర్చు 4.20 అనుకుందాం. స్టోరు 30 శాతం ఉంచుకుంటే మీకొచ్చేది 6.30, మిగిలేది 2.10. మధ్యలో డిస్ట్రిబ్యూటర్ వచ్చి 20 శాతం తీసుకుంటే మీ చేతికి 5.04 వస్తుంది, మిగులు 84 సెంట్లు. డిస్ట్రిబ్యూటర్ లేకుండా స్టోరుకు నేరుగా 24 సీసాలు వేస్తే లాభం 50.40. వాటిలో నాలుగు గడువు దాటి వెనక్కొచ్చి డబ్బు తిరిగివ్వాల్సి వస్తే 25.20 పోయింది, సగం లాభం హరీ. పని గంటలు ఖర్చులో వేయకుండా "బాగానే మిగులుతోంది" అనుకునేవాళ్లు స్టోరుకు వేసిన మూణ్నెల్లకే అలిసిపోతారు. కాబట్టి గ్రూపులోనే ముందు ధర 10కి పెంచి చూడండి. పాతవాళ్లు గొణుక్కుంటూనైనా కొంటే, స్టోరుకు వెళ్లే ధైర్యం వస్తుంది.

స్టోరు దగ్గరికి శని, ఆదివారాలు వెళ్లకండి. మంగళ, బుధవారాల్లో ఉదయం వెళ్లి కొనుగోళ్లు చూసేది ఎవరో కౌంటరులో అడగండి. చాలా చోట్ల యజమాని కాదు, ఒక మేనేజరు. ఆయనకు మూడే ఇవ్వండి: నమూనా సీసాలు రెండు, ఒక పేజీ ధరల పట్టిక, ఇన్సూరెన్సు ధ్రువపత్రం. పట్టికలో సరుకు పేరు, బరువు, బార్‌కోడ్, హోల్‌సేల్ ధర, పెట్టెకు ఎన్ని సీసాలు, నిల్వ ఎన్ని నెలలు, కనీస ఆర్డరు ఉండాలి. ఒక్క సరుకుకు బార్‌కోడ్ కావాలంటే జీఎస్1 సంస్థ దగ్గర 30 డాలర్లకే దొరుకుతుంది, ఏటేటా కట్టనక్కర్లేదు. బయట చవగ్గా అమ్మేవి ఇంకెవరి పేరు మీదో ఉంటాయి. ఉత్పత్తి బాధ్యత ఇన్సూరెన్సు మామూలుగా ఒక్కో ఘటనకు 10 లక్షల డాలర్లు, మొత్తం 20 లక్షల పరిమితితో అడుగుతారు, స్టోరు పేరును అందులో అదనపు బీమాదారుగా చేర్చమంటారు. లేబుల్ మీద అలర్జీ పదార్థాలు రాసేటప్పుడు నువ్వులు మరవకండి. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వులు తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థం. పచ్చడికి నువ్వుల నూనె వాడి ఆ మాట రాయకపోతే సరుకు వెనక్కి పిలిపించాల్సి వస్తుంది.

"సరుకు పెట్టి వెళ్లండి, అమ్ముడైనవాటికి ఇస్తాం" అని కొందరంటారు. మొదటి నెల ఒక స్టోరుకు ఒప్పుకోండి, అంతకంటే వద్దు. మీ డబ్బు ఆయన అరల్లో చిక్కుకుంటుంది. 30 రోజుల గడువుకు ఇచ్చినా రశీదు మీద తేదీ, సంతకం తీసుకోండి. మనవాళ్లే కదా, నోటి మాట చాలు అనుకున్నచోటే ఎక్కువ బాకీలు మునుగుతాయి.

ఇక మీటింగుల గురించి. తానా, ఆటా, నాట్స్ తెలుగు సంఘాల మహాసభల స్టాళ్లలోనూ, ఉత్తర టెక్సస్ తెలుగు సంఘం టాంటెక్స్ కార్యక్రమాల్లోనూ మీకు దొరికేది కొనుగోలుదారులు. అది మంచిదే, సున్నుండలు అక్కడే బాగా పోతాయి. కానీ అక్కడున్నవారిలో ఎక్కువమంది ఐటీ ఉద్యోగులు, మీకొచ్చే సమస్యలు వాళ్లకు రావు. సీసాలు ప్యాలెట్ లెక్కన ఎక్కడ కొనాలి, గంటలకు అద్దెకిచ్చే వంటగదిలో రాత్రిపూట ఎవరుంటారు, ఏ ఇన్‌స్పెక్టర్ ఏం చూస్తారు అన్నవి తెలిసేది ఆహార వ్యాపారులకే. వాళ్లలో మెక్సికన్ సల్సా చేసేవాళ్లు, ఇథియోపియా మసాలాలు దంచేవాళ్లు, వియత్నాం సాసులు నింపేవాళ్లు ఉంటారు. అద్దె వంటగదికి వెళ్లినరోజు ముందు వాళ్లను పరిచయం చేసుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి సీసాల ఆర్డరు ఒకేసారి పెట్టుకుంటే ధర తగ్గుతుంది. నా దృష్టిలో మీకు అన్నిటికన్నా లోటుగా ఉన్నది ఈ తోటివారి బృందమే. మనం మన భాషలో మాట్లాడేవాళ్లనే వెతుక్కుంటాం, అది సహజం. కానీ అదే పని చేసేవాళ్లు వేరే భాషలో మాట్లాడుతూ పక్క బల్ల మీదే ఉంటారు. అమెరికాలో మోటెళ్లు నడిపే గుజరాతీలు చేతిబదుళ్లతో ఒకరినొకరు నిలబెట్టుకున్నారు, 1989లో ఆహోవా అనే సంఘం పెట్టుకున్నాక ఇన్సూరెన్సు కంపెనీలతో, బ్యాంకులతో ఒక్క గొంతుగా మాట్లాడారు. ఆ సంఘాన్ని నిలబెట్టింది వాళ్లందరి పనీ ఒకటే కావడం.

ఛాంబర్లలో గ్రేటర్ డాలస్ ఏషియన్ అమెరికన్ ఛాంబరూ, యూఎస్ ఇండియా ఛాంబరూ మీకు దగ్గర. రుసుం కట్టే ముందు రెండు సమావేశాలకు అతిథిగా వెళ్లండి. గదిలో ఎంతమంది సరుకు కొనేవాళ్లు, ఎంతమంది ఇన్సూరెన్సులూ ఇళ్లూ అమ్మేవాళ్లో లెక్కపెట్టండి. రెండో గుంపే ఎక్కువైతే మీ డబ్బు మిగుల్చుకోండి. చేరితే ఆహార కమిటీలోనో కార్యక్రమాల కమిటీలోనో పని తీసుకోండి. కలిసి పని చేసినవాళ్లు గుర్తుంటారు, కార్డిచ్చినవాళ్లు గుర్తుండరు. ఎవర్నైనా కలిసిన రెండు రోజుల్లోపు నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపండి: ఎక్కడ కలిశామో, నేనేం చేస్తానో, నాకు కావలసిన ఒక్క విషయమేమిటో, మీకు నేను చేయగలిగిందేమిటో. "ఏదైనా ఉంటే చెప్పండి" అంటే ఎవరికీ ఏమీ తోచదు. "మీ వీధిలోని స్టోరు మేనేజరుకు నన్ను పరిచయం చేయగలరా" అంటే చేయడమో కాదనడమో జరుగుతుంది. మీ దగ్గర పోగైన కార్డుల్లో ఇలా అడగదగ్గవాళ్లు అయిదుగురుంటే చాలు, వాళ్లకే రాయండి. టెక్సస్ వ్యవసాయ శాఖ నడిపే గో టెక్సన్ గుర్తు కూడా చూడండి. దానికి జాతి, పౌరసత్వం కన్నా టెక్సస్‌లో తయారైందా లేదా అన్నదే ప్రధానం, మన స్టోర్లు దాటి వెళ్లేటప్పుడు పనికొస్తుంది.

డబ్బు సంగతి చివరికి పెట్టాను, ఎందుకంటే పొడులతోనే మొదలుపెడితే మొదటి దశకు మీకు 6,000, 7,000 డాలర్లు సరిపోవచ్చు. దానికి కివా అనే సంస్థ అమెరికాలో 15,000 డాలర్ల దాకా వడ్డీ లేకుండా ఇప్పిస్తుంది. క్రెడిట్ స్కోరు కనీసం ఇంత ఉండాలని లేదు. పద్ధతి మనకు అలవాటైనదే: ముందు మీకు తెలిసినవాళ్లు కొందరు 25 డాలర్ల చొప్పునైనా వేయాలి, ఆ నమ్మకం చూపించాక పథకాన్ని లోకానికంతటికీ తెరుస్తారు. మీ వాట్సాప్ గ్రూపు అసలు బలం ఇక్కడ తెలుస్తుంది. రెండేళ్లుగా మీ పొడి తింటున్నవాళ్లలో 30 మందికి విడివిడిగా ఫోన్ చేయండి, గ్రూపులో ఒక మెసేజీ పెట్టి ఊరుకుంటే ఎవరో వేస్తారులే అనుకుంటారు. తర్వాతి దశకు శాన్ ఆంటోనియోలో 1994లో మొదలైన లిఫ్ట్‌ఫండ్, ఆస్టిన్‌లోని పీపుల్‌ఫండ్ లాంటి లాభాపేక్ష లేని రుణ సంస్థలున్నాయి. ఫోన్ చేసిన వెంటనే అడగాల్సిన మొదటి ప్రశ్న "హెచ్4 ఈఏడీ మీద ఏ పథకం ఉంది, కార్డు గడువు ఎన్ని నెలలుండాలి" అన్నదే. దరఖాస్తు అంతా నింపాక తెలుసుకుంటే నెల వృథా.

చీటీని పూర్తిగా తోసిపుచ్చను. కొరియన్ల కే, కరీబియన్ల సుసు, మెక్సికన్ల తాండా అన్నీ చీటీ లాంటివే, బ్యాంకు కాదన్న చోట ఎన్నో దుకాణాలను అవే తెరిపించాయి. కానీ పాట చీటీలో ముందు ఎత్తుకోవడం అప్పు తీసుకోవడమే. 20 మంది, నెలకు 1,000, మొదటి చీటీ 3,000 తగ్గించి పాడితే మీకొచ్చేది 17,000. తర్వాతి పాటల్లో మీకు కొంత పంపకం తిరిగొచ్చినా, 20 నెలల పాటు కట్టుబడి ఉండాలి. మధ్యలో ఈఏడీ ఆగితే ఆ వాయిదా ఎక్కణ్నుంచి తెస్తారు? ఊళ్లో అయితే 1982 చిట్‌ఫండ్ల చట్టం, రిజిస్ట్రారు ఉంటారు, ఇక్కడ ఆ రక్షణ లేదు. నిర్వాహకుడు ఉద్యోగం పోయి ఇండియా వెళ్లిపోతే మీరు చూపించగల కాగితమేదీ ఉండదు. పైగా 20 నెలలు ఠంచనుగా కట్టినా మీ క్రెడిట్ చరిత్రలో ఒక్క గీత పడదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని మిషన్ అసెట్ ఫండ్ ఇలాంటి చీటీలనే వడ్డీ లేకుండా నడిపి, వాయిదాలను క్రెడిట్ సంస్థలకు తెలియజేస్తుంది. ఆ తేడా వల్లే దాని సభ్యులకు తర్వాత బ్యాంకు తలుపు తెరుచుకుంటుంది. మీ స్నేహితులతో వేస్తే పాట లేని చీటీ వేసుకోండి, పేర్లూ వరసా తేదీలూ రాసి అందరూ సంతకం చేయండి, చెల్లింపులు బ్యాంకు ద్వారానే జరపండి, మొత్తం 5,000 దాటనివ్వకండి. నగదు చేతికొస్తే ఒకేసారి ఖాతాలో వేయండి. 10,000 దాటిన నగదు జమను బ్యాంకు ప్రభుత్వానికి తెలియజేస్తుంది, అది నేరం కాదు. ఆ నివేదిక తప్పించుకోవడానికి 4,000, 5,000గా విడగొట్టి వేయడమే నేరం, డబ్బు సక్రమమైనదైనా సరే.

ఇంటి దగ్గర్నుంచి అమ్మానాన్నలు పంపే డబ్బు ఏడాదికి లక్ష డాలర్లు దాటితే ఐఆర్ఎస్‌కు 3520 ఫారం ఇవ్వాలి, ఆలోపు అక్కర్లేదు. రోజూ ఫోన్ చేసి "ఒక్క రోజులో డబ్బు" అనేవాళ్లకు మాత్రం దూరంగా ఉండండి. 20,000 ఇచ్చి 1.35 ఫ్యాక్టర్ అంటే 35 శాతం ఏడాది వడ్డీ అని పొరబడతారు. తిరిగి కట్టేది 27,000. దాన్ని ఆరేడు నెలల్లో మీ ఖాతాలోంచి రోజువారీగా లాగుకుంటారు కాబట్టి అసలు వడ్డీ అంతకు రెట్టింపు కంటే ఎక్కువే.

ఈ వారం లాయరు అపాయింట్‌మెంటు తీసుకోండి, ఎస్‌బీడీసీలో పేరు నమోదు చేయండి. రెండు పొడులకు ఇన్సూరెన్సు కొటేషను అడగండి. మామిడికాయ వచ్చే కాలానికి ముందే వెల్లుల్లి ఆవకాయ, గోంగూర సీసాలు పరీక్షకు పంపండి. కొత్త కాయతో కలిపాక అదే పరీక్ష మళ్లీ చేయించాలి, దాని ఖర్చు కూడా పట్టికలో వేసుకోండి.